వెనక కూర్చునే మనిషికి ఏ మోడల్?

2011, దసరా ముందు రోజులు. సకల జనుల సమ్మెతో ఆర్టీసీ బస్సులు డిపోలు దాటడం లేదు. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్‌రోడ్డు మీదకి ర్యాలీ వస్తే షట్టర్ సగం దించడం, అది పోగానే ఎత్తడం, ఇదే పని. నేనప్పుడు అక్కడొక మోటార్‌సైకిల్ షోరూములో సేల్స్ ఎగ్జిక్యూటివ్‌ని. వచ్చినవాళ్లంతా ముందు "సార్ లేడా?" అని అడిగేవారు. "సారు టీకెళ్లాడు, బండ్ల సంగతి నాకూ తెలుసు, కూర్చోండి" అనేదాన్ని. మాది తెనాలి వైపు, మాట దాచుకోవడం చేతకాదు.

కొత్త మోడల్ అప్పుడే దిగింది. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, వెనక సీటు ఎత్తుగా, ముందుకు వాలుగా ఉంటుంది. పక్కనే నిరుటి మోడల్ ఒకటి మిగిలింది. మామూలు డ్రమ్ బ్రేకు, చదునైన పొడుగు సీటు. దీన్ని మేము ఓల్డ్ స్టాక్ అంటాం. ఎవరూ నడపని కొత్త బండే, కానీ తయారైన ఏడాది ఆర్‌సీలో పడుతుంది కాబట్టి తర్వాత అమ్మితే తక్కువకు పోతుంది. తగ్గించి ఇస్తామన్నా ఎవరూ దాని వంక చూడరు.

అలాంటి రోజుల్లో యాదయ్య వచ్చాడు. నల్గొండ పల్లె నుంచి వచ్చి ఎల్‌బీనగర్‌లో ప్లంబింగ్ పని చేసుకుంటున్న మనిషి. వెంట భార్య సత్తెమ్మ. ఆమెకు వారానికి రెండుసార్లు డయాలసిస్ జరగాలి. ముందు వారం బస్సుల్లేక, ఆటో దొరక్క ఒకసారి తప్పిపోయిందట. ఒళ్లంతా నీరు పట్టి, ఊపిరాడక, చావు తప్పి బయటపడింది.

"మల్ల గట్ల గావొద్దు మేడమ్. శుక్రారం డయాలసిస్ ఉన్నది, గా లోపల బండి గావాలె. కొత్త మోడలే ఇయ్యుండ్రి. పెండ్లైనకాంచి దీనికి అన్ని సెకండ్ హ్యాండే తెచ్చిన. టీవీ గట్లనే, కూలర్ గట్లనే. గీ ఒక్కటన్న కొత్తది తెస్త," అన్నాడు యాదయ్య.

కొత్త మోడల్ అమ్మడం నాకూ సుఖమే. శారీ గార్డు, అంటే చీర చక్రంలో పడకుండా పెట్టే జాలీ, ఎక్కడ బిగించాలో చూద్దామని ఇద్దర్నీ బండెక్కి కూర్చోమన్నాను. సత్తెమ్మ ఒకవైపు కాళ్లేసి కూర్చుంది. వాలు సీటు మీంచి ముందుకు జారుతుంటే ఎడమచేత్తో వెనక హ్యాండిల్ పట్టుకుంది. పట్టుకున్న వెంటనే వదిలేసి, చెయ్యి కొంగులో దాచుకుంది.

"మంచిగనే ఉన్నది," అంది.

"ఆ చేతికేమైంది సత్తెమ్మగారూ?"

"గీ చేతికే సూదులు గుచ్చుతరు మేడమ్. నరం ఆపరేషన్ జేసిండ్రు. బరువు పట్టొద్దన్నరు."

నాకు ఒళ్లు మండింది. "యాదయ్యగారూ, ట్యాంకు నిమిరింది చాలు. వెనక్కి తిరిగి ఆవిడ మొహం చూడండి!"

నిరుటి బండి మీద కూర్చోబెట్టాం. సీటు చదునుగా ఉంది, జారే పని లేదు. కుడిచెయ్యి భర్త భుజం మీద వేసి, ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకుని స్థిమితంగా కూర్చుంది.

యాదయ్య మొహం చిన్నబోయింది. "నిరుటి బండి గొన్నవా అని మా తమ్ముడు నవ్వుతడు. డిస్క్ బ్రేకు గూడ లేదాయె."

"బ్రేకు విషయంలో కొత్తదే మేలు, అబద్ధం చెప్పను. అమ్మితే ధర కూడా దానికే వస్తుంది. కానీ దవాఖానకు వెళ్లేది మీ తమ్ముడా, ఆవిడా?"

"జర మెల్లగ తోలు, గీ బ్రేకు సాలదా?" అంది సత్తెమ్మ.

యాదయ్య రెండు బండ్లనీ ఇంకోసారి చూసి, "గిదే ఇయ్యుండ్రి," అన్నాడు. గురువారం బండి తీసుకుని, కర్మన్‌ఘాట్ హనుమంతుడి దగ్గర పూజ చేయించుకుని వెళ్లారు.

సమ్మె అయిపోయాక మొదటి సర్వీసుకి ఇద్దరూ వచ్చారు. "ఒక్కసారి గూడ తప్పలే మేడమ్," అంది సత్తెమ్మ. "ఎల్‌బీనగర్ చౌరస్తాల ర్యాలీల పోరగాండ్లు ఆపిండ్రు. చెయ్యి సూపెట్టంగనే ఆల్లే తొవ్వ ఇచ్చిండ్రు."

నాకు ప్రాణం లేచొచ్చింది. యాదయ్య మెకానిక్ దగ్గరికి వెళ్లాక అడిగాను. "ఆ రోజు కొత్త బండి బాగానే ఉందన్నారేంటండీ?"

"కూసోంగనే పడిపోతనని భయమైంది మేడమ్. ఆయన గంత సంబురపడవట్టె, ఎట్ల చెప్పాలె?"

వెనక కూర్చునేవాళ్లు తమంతట తాము చెప్పరని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత ఎవరైనా ఒక్కరే వస్తే, "ఇంట్లోవాళ్లని కూడా తీసుకురండి, కూర్చుని చూస్తారు" అని పంపేసేదాన్ని. చేతికొచ్చిన గిరాకీ పోగొడుతున్నావని మేనేజర్ తిట్టేవాడు. నిజమే, కొందరు మళ్లీ రాలేదు. పోతే పోనీ అనుకున్నాను.