చేతి బ్యాండ్ వద్దన్న అక్క

మా అక్క ఇక లేరన్న కబురు మొన్న పొద్దున మూసాపేట మెట్రో స్టేషన్ మెట్లు ఎక్కుతుండగా అందింది. పాత టీమ్ గ్రూపులో ఎవరో రెండే వాక్యాలు పెట్టారు. ముందురోజు సాయంత్రం దవాఖానలో పోయారనీ, మధ్యాహ్నం శేరిలింగంపల్లి ఇంటి నుంచి తీసుకెళ్తారనీ. వెనక వస్తున్నవాళ్లు నన్ను తప్పించుకుంటూ పైకి వెళ్తున్నారు. రెయిలింగ్ పట్టుకుని పక్కకు జరిగి, ఆ రెండు వాక్యాలనే మళ్లీ మళ్లీ చదివాను. కిడ్నీల జబ్బుతో కొంతకాలంగా బాధపడుతున్నారని తెలుసు. కిందటి నెల ఫోన్ చేస్తే మాత్రం, "మంచిగనే ఉన్న, నువ్వు పరేషాన్ గాకు" అన్నారు. ఆ గొంతు ఎప్పటిలాగే ఉంది.

ఆమె నాకు బంధువు కాదు. హైటెక్ సిటీలో నేను చేరిన మొదటి కంపెనీలో మా టీమ్ లీడ్. చేరిన రోజు భయంభయంగా "మేడం" అని పిలిచాను.

"మేడం అంటే ఎవరినో పిలుస్తున్నట్టుంటది. అక్క అను, చాలు."

"అలాగేనండి అక్కా."

టీమంతా గొల్లున నవ్వింది. మాది భీమవరం వైపు, అక్కది సిద్దిపేట దగ్గర పల్లె. ఆమె మాత్రం నవ్వలేదు. "అండి గూడ ఉండనీ తియ్. వినబుద్ధయితున్నది" అన్నారు.

ఫ్యాక్టరీల్లో మోటార్లకూ పంపులకూ చిన్న సెన్సర్లు బిగించి, వాటి వేడి, అదురు ఎప్పటికప్పుడు తెరమీద కనిపించేలా చెయ్యడం మా పని. మోటారు ఆగిపోయాక పరిగెత్తడం కాదు, ఆగబోతోందని ముందే చెప్పడం. ఇవాళ ఈ ఐటీ కారిడార్‌లో ఏ భవనంలో చూసినా యంత్రాలను ఇంటర్నెట్‌కు కలిపే టీమ్ ఒకటి ఉంటుంది. అప్పట్లో మా అంతస్తులోనే చాలామందికి మేమేం చేస్తామో తెలియదు. అక్క ఈ వైపు రాకముందు పటాన్‌చెరు దగ్గర ఒక ఫ్యాక్టరీలో చాలా ఏళ్లు మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేశారు. ఆ హోరుకు ఎడమ చెవి సగం పోయింది. అందుకే ఏ మీటింగ్‌కైనా ముందుగా వెళ్లి ఎడమ చివరి కుర్చీలో కూర్చునేవారు, అందరి మాటా కుడిచెవిన పడేలా. కొత్తవాళ్లు అదేదో పెద్దరికం అనుకునేవారు. లిఫ్ట్ ఎక్కితే గోడకు అరచెయ్యి ఆనించి, దిగేటప్పుడు సెక్యూరిటీ అతనితో "తమ్మీ, దీన్ని జర చూపించు, అదురుతున్నది" అనేవారు. లిఫ్ట్ మెకానిక్‌కి ఆమె అంటే హడల్.

తెరమీద గీతలు చూసి మేం ఏదైనా తేల్చేస్తుంటే అడ్డుపడేవారు. "గీత కనవడుతది. గీత ఎనక మనిషి ఉంటడు. పోయి అడిగినవా?"

ఆమెతో నేను మొదట వెళ్లింది నగరం బయట ఒక ఫౌండ్రీకి. ఇనుము కరిగించి పంపుల భాగాలు పోతపోసే చోటది. సెన్సర్లు బిగిస్తుంటే ఫర్నేస్ దగ్గర పనిచేసే పెద్దాయన ఒకరు మెడలో తువ్వాలుతో వచ్చి నిలబడ్డారు.

"ఇవి పెడితే మా కొలువులు పోతయా మేడం?"

ఏదో ఒక ఊరడింపు మాట చెబుతారనుకున్నాను.

"కొన్ని పోతయన్నా" అన్నారు అక్క. "పోవు అంటే అబద్ధమైతది. చుట్టూ తిరిగి మోటార్లు చూసే పని తగ్గుతది."

"మరెందుకు పెడుతున్నరు?"

"మేం పెట్టకుంటే ఇంకొకలు పెడతరు. నేను పెడితే, తిరిగెటోళ్లకు తెర చూసుడు నేర్పాలె అని అడుగుత. ఒప్పుకుంటరో లేదో ఇప్పుడే చెప్పలేను."

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, "సరే, నిజమైతే చెప్పినవ్" అంటూ వెళ్లిపోయారు. అక్క నిజంగానే అడిగారు, ఒప్పించారు కూడా. కానీ అందరూ నిలబడలేదు. చూపు సరిగా ఆనక ఒకాయన మానేశారు. ఆ ఫౌండ్రీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా అక్క ముందు అడిగేది ఆయన గురించే.

తర్వాత కొంతకాలానికి ఆ ఫౌండ్రీ యాజమాన్యం ఇంకొకటి కోరింది. మోటార్లకు పెట్టినట్టే కార్మికులకూ చేతి బ్యాండ్లు పెట్టాలట. మా ఆఫీసులోనే మీటింగ్. ఫ్యాక్టరీ మేనేజరు, మా డైరెక్టరు, అక్క, నోట్స్ రాయడానికి నేను.

"ఎవరు ఎక్కడున్నారు, ఎంతసేపు ఆగారు అన్నది మాకు తెలియాలి" అన్నాడు మేనేజరు.

"అది పెద్ద పనేం కాదండి, ఇచ్చేద్దాం" అన్నారు మా డైరెక్టరు.

అక్క చివరి కుర్చీలోంచి ముందుకు వంగారు. "బాత్రూంల ఎంతసేపున్నడో గూడ తెరమీద వస్తది గదా సార్?"

"వస్తుంది. రావాలి కూడా."

"అయితే నేను చెయ్య."

డైరెక్టరు నవ్వుతూ సర్దబోయారు. "అదేంటండి, మోటారుకి పెట్టినప్పుడు లేని అభ్యంతరం ఇప్పుడెందుకు?"

"మోటారుకు సిగ్గుండది సార్."

మీటింగ్ అక్కడితో ముగిసింది. ఆ ఫౌండ్రీ పని మా టీమ్ నుంచి తీసేశారు. ఆ సంవత్సరం ఆమెకు రావలసిన పదోన్నతి ఆమె దగ్గరే పని నేర్చుకున్నతనికి వచ్చింది. ఆమే ముందు వెళ్లి అతనికి చెయ్యి కలిపారు. ఆ పని అందుకున్న టీమ్‌కు ఆ ఫ్యాక్టరీ పోకడ అంతుపట్టక, బ్యాండ్ల సంగతి వాయిదా పడుతూ పోయింది. మేం మాత్రం ఆమెను చూసి గర్వపడ్డాం. క్యాంటీన్‌లో ఎవరు దొరికితే వాళ్లకు "మోటారుకు సిగ్గుండది" అన్న మాట అప్పజెప్పేవాళ్లం.

మరుసటి ఎండాకాలం, ఫర్నేస్ దగ్గరి ఆ పెద్దాయన వడదెబ్బతో పడిపోయారు. పడింది పోత అచ్చులకు వాడే ఇసుక గుట్ట వెనక. హోరులో ఎవరికీ వినిపించలేదు. భోజనాల వేళ మనిషి కనిపించక వెతికితే దొరికారు. ప్రాణం దక్కింది కానీ, మాట తడబడింది, కుడిచెయ్యి వాలిపోయింది.

ఫ్యాక్టరీ మేనేజరు అక్కకు ఫోన్ చేసి చెప్పాడు. ఆ రోజు బ్యాండ్ ఉండుంటే ఎప్పుడో తెలిసేది కదా అన్నాడట. ఆమె ఫోన్ బల్లమీద పెట్టి, తెరిచిన టిఫిన్ డబ్బా మళ్లీ మూసేశారు. మేమంతా కోపంగా ఏదేదో అన్నాం. అక్క చెయ్యి అడ్డంగా ఊపారు.

"ఆయన అబద్ధం చెప్పలేదు. ఊకోండ్రి."

ఆ మధ్యాహ్నమే దవాఖానకు బయల్దేరారు. నేనూ వెంట వెళ్లాను. వార్డు బయట నేలమీద పెద్దాయన భార్య కూర్చుని ఉంది. అక్క కూడా ఆమె పక్కనే నేలమీద కూర్చున్నారు. బ్యాండ్లు తనే వద్దన్నానని దాచకుండా చెప్పారు. ఆ తల్లికి బ్యాండ్ అంటే ఏమిటో తెలియదు. అంతా విని, "అవన్నీ నాకేం ఎరుక బిడ్డా. పడ్డప్పుడు ఎవలన్న చూస్తే బాగుండు" అంది. అక్క తల వంచుకున్నారు. ఆమెను అంత చిన్నగా నేను ముందెప్పుడూ చూడలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటో ఎక్కాం. మణికొండ దాటాక అక్క అన్నారు.

"వద్దన్నది తప్పు గాదు. వద్దని ఊకున్నది తప్పు."

మర్నాడు డైరెక్టరు గదికి వెళ్లి, తీసేసిన పని తిరిగి ఇమ్మని అడిగారు. ఆమె అడిగిన బ్యాండ్ వేరు. దానికి రెండే సంగతులు తెలియాలి. ఒంటి వేడి హద్దు దాటడం, మనిషి పడిపోవడం. ఈ రెంటిలో ఏది జరిగినా అక్కడికక్కడ సైరన్ మోగి, చుట్టుపక్కల ఉన్న తోటివాళ్ల బ్యాండ్లు అదరాలి. మిగిలిన వేళల్లో అది ఏదీ గుర్తుపెట్టుకోకూడదు, ఎక్కడికీ పంపకూడదు.

ఫ్యాక్టరీ మేనేజరు ఒప్పుకోలేదు. "మాకు తెలియకుండా కార్మికులకు తెలిస్తే ఏం లాభం?"

"పడ్డోన్ని లేపనీకె ఎవలు కావాలె సార్? మీరు పై అంతస్తుల ఉంటరు. పక్కనున్నోడు కావాలె."

నెలల తరబడి వాదించి అతన్ని ఒప్పించారు. ఇంతా చేస్తే కార్మికులే వాటిని ముట్టుకోం అన్నారు. "తర్వాత దీంట్లనే మా లెక్కలన్నీ తీస్తరు" అన్నారు. వాళ్ల అనుమానం తప్పని ఆమె అనలేదు. తన చేతికే బ్యాండ్ కట్టుకుని, రోజూ వాళ్లతోపాటు ఫర్నేస్ పక్కన నిలబడడం మొదలుపెట్టారు. యాభై దాటిన మనిషి, ఎండాకాలం. వద్దంటే వినలేదు.

ఒకరోజు అది మోగింది. ఆమె చేతికున్నదే. ఫర్నేస్ పక్క నుంచి, మోల్డింగ్ వైపు నుంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు. ఒకరు ఆమెను పట్టి కూర్చోబెట్టారు, ఒకరు తడిగుడ్డ మెడకు చుట్టారు, ఇంకొకరు ఉప్పు కలిపిన మజ్జిగ నోటికి అందించారు. తేరుకున్నాక అక్క చుట్టూ చూసి అన్న మొదటి మాట, "పనిచేస్తున్నది."

వాళ్లు నవ్వలేదు. ఒకతను కళ్లు తుడుచుకుంటూ కసురుకున్నాడు. "పెద్దమనిషివి, గిట్ల చేస్తరా? ఇగ నువ్వు పో అక్కా, మేం కట్టుకుంటం."

అలా కట్టుకున్నారు. తర్వాత ఎండాకాలాల్లో ఆ సైరన్ విని లేచి వెళ్లినవాళ్లూ, ఆ సైరన్ వల్ల లేచి కూర్చున్నవాళ్లూ ఉన్నారు. ఇంకొన్ని ఫ్యాక్టరీలు అలాంటివే అడిగాయి. అడుగడుగూ లెక్కగట్టే బ్యాండ్లు కూడా బయట అమ్ముడవుతూనే ఉన్నాయి. అది అక్కకు తెలుసు. రిటైరైన రోజు నన్ను పక్కకు పిలిచి, "ఆ బ్యాండ్ల మీటింగ్‌లకు నువ్వు పోతుండు. ఎవలో ఒకలు అడగాలె" అన్నారు. ఇప్పుడు నేను వెళ్తున్నాను. ప్రతిసారీ అడుగుతున్నాను. కొన్నిసార్లు వింటున్నారు.

మొన్న మధ్యాహ్నం శేరిలింగంపల్లిలో వాళ్ల అపార్ట్‌మెంట్ కింద ఆఫీసువాళ్లం ఒకవైపు నిలబడ్డాం. కాసేపటికి ఫౌండ్రీ నుంచి ఒక వ్యాను వచ్చింది. షిఫ్టు దిగి అట్నుంచటే వచ్చినట్టున్నారు, బూట్లమీద ఇసుక అలాగే ఉంది. పెద్దాయన్ను ఇద్దరు పట్టుకుని దించారు. ఆయన వాలిపోయిన కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి, కష్టపడి దణ్ణం పెట్టారు. ఏదో అన్నారు. నాకు అర్థం కాలేదు. పక్కనున్నతను విని చెప్పాడు: "నిజం చెప్పే మనిషి పోయింది అంటున్నడు."

వైకుంఠ రథం మెయిన్ రోడ్డు ఎక్కగానే ట్రాఫిక్‌లో చిక్కుకుంది. ముందూ వెనకా ఆఫీసు క్యాబులే. డ్రైవరు హారన్ కొట్టబోయి ఆగాడు. ఫౌండ్రీవాళ్లు ఒక్కొక్కరే తమ వ్యాను దిగి ముందుకు నడిచారు. ఎవరిమీదా అరవలేదు, ఎవరినీ తిట్టలేదు. చేతులు చాచి ఒక్కో బండినీ నెమ్మదిగా పక్కకు జరిపించుకుంటూ దారి తీశారు. ఒక క్యాబ్‌లో ఐడీ కార్డు వేసుకున్న అమ్మాయి కిటికీ దించి, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసేసింది. అద్దాల భవనాల నడుమ, ఫ్లైఓవర్ నీడలోకి రథం మెల్లగా కదిలింది. దాని ముందు ఆ బూట్లు తారురోడ్డు మీద సన్నని ఇసుక రాల్చుకుంటూ వెళ్లాయి.