గంజి తిండి కాదనుకున్నాను

అక్షరాలు రాకపోవడం వల్ల ఇదంతా ముందు రాయలేకపోయాను. తెలుగునేలకు దూరంగా, ఈ దీవిలోని జంగ్లీఘాట్‌లో చేపల రేవు పక్కనే పుట్టాను. అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంటే, తమ్ముళ్ళను చంకనేసుకుని నేను ఇల్లు చూసుకునేదాన్ని. బడి ఎటువైపుందో తెలుసు గానీ లోపలికి వెళ్ళింది లేదు. నా యాభై తొమ్మిదో ఏట మా ఆయన నాకు అక్షరాలు నేర్పారు. సముద్రం మీదే బతుకంతా గడిపిన మనిషికి ఇంట్లో కూర్చునే తీరిక జబ్బు వల్ల దొరికింది. ఇప్పుడు కూడా పక్కనే కూర్చుని నా ఒత్తులు చూస్తున్నారు.

ఆయనకు ప్రొస్టేట్ క్యాన్సర్. తెలిసేసరికే ఎముకల దాకా పాకింది. పూర్తిగా పోయే జబ్బు కాదని, మందులతో అదుపులో పెట్టవచ్చని డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు. మూడు నెలలకోసారి పొట్టలో ఇంజెక్షన్ ఇస్తారు. మగవాళ్ళలో ఉండే హార్మోన్‌ను అది తగ్గిస్తుంది. ఆ హార్మోన్ తగ్గితే క్యాన్సర్‌కు బలం తగ్గుతుందట.

రెండో నెలలోనే ఒంట్లో సెగలు మొదలయ్యాయి. వాన కురుస్తున్నా చొక్కా తడిసిపోయేది. ఒకరోజు తడి తువ్వాలు మెడకు చుట్టుకుని నన్ను పిలిచారు.

"ఒలే, ముట్లుడిగినప్పుడు నీకూ ఇలగే ఉండీదా?"

అవునన్నాను.

"అప్పుడు నిన్ను సూసి నవ్వీవోణ్ణి. తప్పయిపోనాది."

ముప్పై అయిదేళ్ళ కాపురంలో ఆయన తప్పు ఒప్పుకోవడం అదే మొదటిసారి. ఆ జబ్బును ఎంత తిట్టుకున్నా, ఆ మాట వినిపించినందుకు మాత్రం తిట్టలేను.

తర్వాత రొమ్ములు కొంచెం పెరిగాయి. రేవులో అందరూ చొక్కాలు విప్పి వలలు లాగేవాళ్ళే కాబట్టి, ఆయన రేవుకు వెళ్ళడం మానేశారు. ఎముకలు పలచబడ్డాయని, బరువులు లాగవద్దని డాక్టరుగారు కూడా చెప్పడంతో పడవ మరిదికి అప్పగించారు. ఊరికే కూర్చోలేక నన్ను పట్టుకున్నారు. ఆయన అయిదో తరగతి దాకా తెలుగులో చదువుకున్నారు. కొత్త వాళ్ళకు వల ముడి నేర్పినట్టే, ఒక అక్షరం చేతికి వచ్చేదాకా రెండోది చూపించేవారు కాదు. ఏడాది తిరిగేసరికి రోజూ నాలుగు లైన్లు రాయాలని నియమం పెట్టారు. ఏం రాయాలని అడిగితే, ఇంట్లో జరిగింది జరిగినట్టు రాయమన్నారు.

ఆ రోజుల్లోనే ఇంజెక్షన్‌తో పాటు మాత్రలు కూడా మొదలుపెట్టారు. పొద్దున్న ఖాళీ కడుపుతో నాలుగు, అన్నం తిన్నాక ఇంకో చిన్నది. మొదలైన కొన్ని వారాలకే ఆయన పాదాలు వాచాయి, బీపీ పెరిగింది. మా ఇంటి ఎత్తు ఎక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగేవారు. చివరికి ఒకరోజు మెట్టు మీద కూర్చుండిపోయి అన్నారు:

"ఇంక ఒగ్గీస్తాను. మందు నేకపోతే ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళే ఉంటాను. నా కాళ్ళ మీద నడిసి ఉంటాను."

మందు మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆయనతో వాదించలేదు. ఆ మాటేదో డాక్టరుగారికి మీరే చెప్పండని మాత్రం అన్నాను. సరేనన్నారు.

ఆసుపత్రిలో డాక్టరుగారికంటే ముందు ఒక నర్సమ్మ వివరాలు అడుగుతుంది. ఆమె ఇక్కడే పుట్టింది, తాతగారిది శ్రీకాకుళం వైపు. వాపు ఎప్పటి నుంచని అడిగితే రోజూ రాసుకునే నా నోటుపుస్తకం ఇచ్చాను. ఆమె రెండు పేజీలు తిప్పి సిగ్గుపడింది. "తెలుగు మాట్లాడతాను గానీ చదవడం రాదు పిన్నీ. మీరే చదవండి" అంది. అంత చదువుకున్న పిల్లకు నేను చదివి వినిపించాలి. గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

"నాలుగింటికి లేచారు. గంజి, నిన్నటి చేపల కూర. అయిదింటికి మాత్రలు. సాయంత్రం పాదాలు వాచాయి."

తర్వాతి రోజూ అంతే. మూడో రోజు చదవబోతుంటే ఆమె పుస్తకం మీద చెయ్యి పెట్టింది.

"ఖాలీ పేట్ అని మాత్రలిచ్చిన రోజే చెప్పాను కదా పిన్నీ?"

"కాళీ కడుపే కదమ్మా. గంజి తాగితే తిన్నట్టా?"

ఆమె మా ఆయన వైపు తిరిగింది. "బాబాయ్, మీరూ అంతేనా?"

"గంజి తాక్కండా సముద్రం మీదకి ఎవుడెల్తాడు?" అన్నారాయన.

"మీరిప్పుడు సముద్రానికి ఎక్కడ వెళ్తున్నారు?"

మా వాళ్ళలో వేటకు వెళ్ళే మనిషికి తెల్లవారుజామున గంజి పడాల్సిందే. దాన్ని ఎవరూ తిండిగా లెక్కపెట్టరు. తిన్నావా అని అడిగితే అన్నం తిన్నావా అనే అర్థం. వేట మానేసినా ఆయన నాలుగింటికి లేవడం మానలేదు, నేను గిన్నె పెట్టడం మానలేదు. ఖాళీ కడుపేనా అని అడిగిన ప్రతిసారీ ఇద్దరం నిజమే చెబుతున్నాం అనుకున్నాం.

డాక్టరుగారు కోప్పడలేదు. ఆ మాత్రలు తిండితో కలిస్తే, ముఖ్యంగా నూనె కూరతో కలిస్తే, ఒంటికి పట్టాల్సిన దానికంటే చాలా ఎక్కువ పడతాయని హిందీలో నెమ్మదిగా వివరించారు. మాత్రలకు రెండు గంటల ముందు నుంచీ, వేసుకున్నాక గంటసేపూ ఏమీ తినకూడదన్నారు. రక్తం తీయించి చూస్తే అందులో ఉండాల్సిన ఒక లవణం పడిపోయింది. దానికి మందు రాసి, ఒక్క నెల సరిగ్గా వేసుకుని, ఆ తర్వాత మానేస్తారో లేదో చెప్పమన్నారు. మా ఆయన నా వైపు చూసి, "నెల్లాళ్ళు సూద్దారి" అన్నారు.

ఆటోలో వస్తుంటే ఏడుపు ఆగలేదు. నా చేత్తోనే పెట్టాను కదా ఆ గంజి. నువ్వు రాసి ఉండకపోతే ఎవరికీ తెలిసేది కాదని ఆయన అన్నారు. ఆ నెలలో పాదాల వాపు దిగింది. సెగలు అలాగే ఉన్నాయి, నీరసం పూర్తిగా పోలేదు. అయినా మానేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఆ నర్సమ్మకు, నాకు అక్షరాలు దిద్దించిన ఆ చేతికి రోజూ దండం పెట్టుకుంటాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు కూడా ఆయన నాలుగింటికే లేచారు. నాలుగు మాత్రలు, గ్లాసుడు నీళ్ళు ఇచ్చాను. మింగి తిన్నగా వంటింటి వైపు వచ్చారు. అప్పటికే నేను గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నాను.

"గంటాగాల," అన్నాను.

"నువ్వు తాగీసినావేటి?"

"నేదు."

ఆయన గోడకు ఆనుకుని నా పక్కనే కూర్చున్నారు. గడియారంలో అయిదు కాగానే లేచి రెండు గిన్నెల్లో గంజి పోశాను.