పదునున్న దినాలు

మొన్న మా అక్క మనవరాలు కర్నూలు డాక్టరమ్మ రాసిచ్చిన కాగితం తెచ్చి, నెల మధ్యలో ఆడవాళ్లకు కనబడే తెలుపు పలచబడి తీగలా సాగే రోజులే గర్భం నిలిచే రోజులని నాకు పాఠం చెప్పింది. ఆ పాఠం నేను దొరల కాలంలోనే, బద్వేలులో అక్క అత్తగారింటి పెరట్లో విన్నానంటే నమ్మదు. తామే కనిపెట్టామనుకుంటారు ఈ కాలం పిల్లలు!

చిన్ననాడే భర్త పోయి, చదువుకుని, ఆ ఊరి బడిలో పంతులమ్మగా చేరిన కొత్తలో నేను అక్క ఇంట్లోనే ఉండేదాన్ని. పెళ్లయి ఆరేళ్లయినా అక్క కడుపు పండలేదు. ఉగాది దాటితే కొడుక్కి మళ్లీ పెళ్లి చేస్తానని అత్త పిల్లను కూడా చూసిపెట్టింది. నెలనెలా అక్కకు కనబడే తెలుపు రోగమనీ, పిల్లలు లేనిది అందుకేననీ ఆమె తీర్మానం. అది కనబడినన్నాళ్లూ కషాయం, ఉప్పులేని సంగటి, వసారాలో వేరే చాప. పాపం, అక్క ఆ పథ్యాన్ని ఎంత భక్తిగా చేసేదో!

ఒకనాడు పొరుగింట్లో కాన్పు చేసి మా పెరటి దారిన పోతున్న మంత్రసాని అవ్వ, ఊరవతల పేటలో చర్చికి పోయే మనిషి, పొయ్యిమీద కషాయం చూసి ఎవరికని అడిగింది. అక్క తల వంచుకునే అన్నీ చెప్పింది.

“దురద లేదు, వాసన లేదు, కోడిగుడ్డు సొన మాదిరి సాగుతాండాదంటే అది రోగం గాదు బిడ్డా, పదును, విత్తనం మొలిచే తడి. పదునుండే నాలుగు దినాలూ విత్తే గొర్రు మూలకు పెట్టి, చేను మొలకెత్తలేదని ఏడిస్తే యెట్ల?”

ఏనాడూ అత్తకు ఎదురు చెప్పని అక్క ఆ పూటే కషాయం మునగచెట్టు మొదట్లో పోసి, తన చాప చుట్టుకుని బావ పడుకునే మిద్దె ఎక్కింది. దిండు మోసింది నేనే. ఉగాదినాడు పచ్చడి వాసనకే అక్క వాంతి చేసుకుంటే, అత్త తాను చూసిపెట్టిన పిల్ల తరఫువాళ్లకు వద్దని కబురంపింది.

కాన్పుకు ఆ అవ్వనే పిలిచారు. బిడ్డను అందుకోవడానికి గడప దాటనిచ్చినవాళ్లే, ఆమె వెళ్లగానే కూర్చున్న చోట పేడనీళ్లు చల్లమన్నారు. పదిమందికి చదువు చెప్పే నేనే చల్లాను.

ఆనాడు అవ్వను గడప బయట నిలబెట్టిన మనమే ఇప్పుడు డాక్టరమ్మ గది బయట చెప్పులు విడిచి, పిలిచేదాకా నిలబడుతున్నాం; సంతోషమే. మనవరాలి కాగితం కింద డాక్టరమ్మ పేరుంది. దాని పక్కన ఇంకో పేరు రాద్దామని కలం తీశాను. ఏడాదిపాటు మా పెరటి దారిన తిరిగిన ఆ అవ్వ పేరేమిటో నేనెన్నడూ అడగలేదు.