జున్ను తిన్నవాళ్ల జాబితా

మూడేళ్ల కిందటి వానాకాలం. వరంగల్‌లోని మా వైరాలజీ ల్యాబ్‌కు మరిపెడ పక్క పల్లె నుంచి చచ్చిపోయిన బర్రె మెదడు ముక్క వచ్చింది. దానికి మేం చేసేది ఎఫ్.ఎ.టి. అనే పరీక్ష. రంగు అద్దిన యాంటీబాడీలు వేస్తాం. ర్యాబిస్ వైరస్ ఉంటే వాటికి అంటుకుని మైక్రోస్కోప్ కింద ఆకుపచ్చగా మెరుస్తుంది. ఆ రోజు స్లైడ్ నిండా మెరిసింది. పశువుల డాక్టరుకు ఫోన్ చేసి చెప్పాను. అక్కడితో ఊరుకోకుండా, ఎవరెవరికి సూది అవసరమో తేల్చడానికి నేనూ వస్తానని నోరు జారాను.

మర్నాడు వెళ్లేసరికి బడి వరండాలో ఊరు ఊరంతా నిలబడి ఉంది. బర్రె ఈనగానే యజమానురాలు సమ్మక్క ఆనవాయితీ ప్రకారం ఇంటింటికీ జున్ను పంచింది. వారం తిరక్కుండానే బర్రె చొంగ కారుస్తూ చచ్చింది. ఇంకేముంది, జున్ను తిన్న ప్రతివాళ్లకూ సూది కావాలి. దవాఖానాలో ఉన్న మందేమో నలుగురైదుగురికి సరిపోయేంత.

"నా చేతులతోటే పంచిన మేడం. ఊరందరికి నేనే విషం పెట్టిన," అని సమ్మక్క ఒకటే ఏడుపు.

"వండిన జున్నుల ఈ వైరస్ బతకదమ్మా. ఎవరికేం గాదు," అన్నాను. ఒకసారి కాదు, నోరెండిపోయేదాకా అన్నాను.

"బతకదని కాయితం మీద రాసిస్తవా బిడ్డా?" అంది ఒక ముసలమ్మ.

ఇరవై ఏళ్లు యాంటీబాడీల మీద పరిశోధన చేసి, చివరికి జున్నుకు జామీను ఉండాల్సి వచ్చింది. విసుగెత్తి, వీళ్లు సద్దుమణిగితే చాలనుకుని జున్ను తిన్నవాళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టాను. రెండు గంటలు రాశాను. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాయన తన పేరు రెండుసార్లు రాయమన్నాడు.

చెయ్యి నొప్పి పుట్టాక గానీ అడగాల్సిన మాట గుర్తుకు రాలేదు. "జబ్బు చేసినప్పుడు బర్రెను ఎవరు చూసిండ్రు?"

"మా యాకయ్య బావ," అంది సమ్మక్క. "మేత మింగుతలేదు, గొంతుల ఏదో అడ్డం పడ్డదని మోచేతిదాంక చెయ్యి పెట్టి చూసిండు. పండ్లు గీరుకున్నయి గూడ."

వైరస్ బయటికొచ్చేది చొంగలోనే. ఆ గీరుడు చాలు. జబ్బు బయటపడ్డాక ఇక ఏ మందూ మనిషిని బతికించదు. "ఆయనేడి? లిస్టుల లేడేంది?"

సమ్మక్క తల దించుకుంది. "పొలం గట్టు పంచాయతి అయినసంది మాటల్లెవ్వు మేడం. జున్ను ఆయనింటికి పంపలె. మల్ల బర్రెకు బాగలేదంటె, పిలవంగనె వచ్చిండు."

ఆమెను వెంటబెట్టుకుని వెళ్లాను. యాకయ్య గడపలో కూర్చుని పగ్గం పేనుతున్నాడు. చేతి గాట్ల మీద పసుపు అద్దుకున్నాడు.

"ఊరంత తిన్నరు, సూదులు వాళ్లకియ్యుండ్రి. నాకేడ పెట్టిండ్రు జున్ను?"

"జున్నుతోని సంబంధం లేదయ్యా!" అని అరిచాను. అరిచినందుకు ఇప్పటికీ సిగ్గుపడను. తర్వాత గొంతు తగ్గించి చెప్పాను. "టీకా ఇత్తనం అసొంటిది. ఒంట్ల యాంటీబాడీలు పండెతందుకు దినాలు పడ్తది. అందుకే తయారైన యాంటీబాడీలనే గాయంల ఎక్కిస్తరు, ఇమ్యునోగ్లోబ్యులిన్ అంటం. పంట చేతికొచ్చేదాంక గింజలు కొనుక్కొని తింటం గద, గట్ల. అది లేకుంటె నీ పానం పోతది."

"సమజైంది," అన్నాడు. లేవలేదు. "ఆ జున్ను తిన్నోళ్ల లైన్ల మాత్రం నేను నిలబడ."

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. అప్పుడు నా వెనక నుంచి సమ్మక్క ముందుకొచ్చింది.

"తప్పు నాదే బావా. నీ కాల్మొక్త, బండెక్కు."

యాకయ్య పగ్గం పక్కన పెట్టి, తువ్వాల భుజాన వేసుకుని లేచాడు. ఆ పూటే మందు ఎక్కించారు. వరండాలో వాళ్లు సాయంత్రందాకా నన్ను తిట్టుకుని ఇళ్లకు పోయారు.

సూదులన్నీ పూర్తయ్యాక అతని రక్తం పరీక్షిస్తే యాంటీబాడీలు కావలసినన్ని ఉన్నాయి. సంతోషంగా ఫోన్ చేసి చెప్పాను.

"తిన్నోళ్లకు ఒక్క సూది లేదు, తిననోనికేమో ఇన్ని పొడిస్తిరి. ఇదేం న్యాయం మేడం?" అన్నాడు.

ఆ జాబితా ఇప్పటికీ నా సొరుగులో ఉంది. ఊరివాళ్ల మీద విసుక్కుంటూనే, రెండు గంటలు నేనూ వాళ్లకు తోచిందే రాస్తూ కూర్చున్నాను. అంతసేపూ ప్రాణం మీదికొచ్చినవాడు ఇంట్లో పగ్గం పేనుకుంటున్నాడు. ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా కాగితం బయటికి తీయకముందే ఒక మాట అడుగుతాను. "ఇక్కడికి రానోళ్లెవరు?"