గంగాధర్ కుందేలు కాదు

2023 వేసవి. దుబాయ్ ఇంటర్నేషనల్ సిటీలో, అల్ వర్సాన్ వైపు వెళ్లే రోడ్డు మీద మా టైపింగ్ సెంటర్. పేరు చూసి ఉత్తరాలు టైపు చేసే కొట్టు అనుకోకండి. వీసా అయినా, ఎమిరేట్స్ ఐడీ అయినా, పెళ్లయినా, ప్రభుత్వానికి వెళ్లే దరఖాస్తు మేమే నింపి పంపిస్తాం. పదకొండేళ్లుగా ఆ కౌంటర్ వెనక కూర్చుంటున్నాను. నా చేతులు వేగం, నోరు ఇంకా వేగం. ఇక్కడ చెప్పబోయేదంతా ఆ నోటి నిర్వాకమే.

గంగాధర్‌ది జగిత్యాల దగ్గర ఊరు. చైనావాళ్ల లైట్ల షాపులో సేల్స్‌మన్. అదే షాపులో పనిచేసే లిన్ అనే చైనా అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. అబుదాబిలో ముస్లిమేతరులకు సివిల్ మ్యారేజ్, అంటే మతంతో పనిలేని కోర్టు పెళ్లి, మొదలయ్యాక ఇలాంటి జంటలు మాకు కొత్త కాదు. ఫారంలో అతని పుట్టినతేదీ 1987 జూలై ఒకటి అని కొడుతుంటే, గంగాధర్ నవ్వుతూ తెలుగులో అన్నాడు.

"అది పాస్‌పోర్టుల పుట్టుడక్కా. నేను పుట్టింది ఎనబై తొమ్మిదిల, బతుకమ్మ పండుగప్పుడు. వయసు సాలదని ఏజెంటు రెండేండ్లు పెంచిండు."

నేను తలైనా ఎత్తలేదు. మా దగ్గరికొచ్చే మనవాళ్లలో చాలామందికి రెండు పుట్టినరోజులు. నాకూ ఉన్నాయి, ఒకటి బళ్లో మాస్టారు వేసింది.

రెండు వారాల తర్వాత ఇద్దరూ మళ్లీ వచ్చారు, ఫైల్ ఆపమని. లిన్ కళ్లు ఉబ్బి ఉన్నాయి. ఏమైందని అడిగితే ఇంగ్లీషులో చెప్పుకొచ్చింది. వాళ్లకు పన్నెండేళ్లకు పన్నెండు జంతువులట, పుట్టిన ఏడాదిని బట్టి స్వభావం, దాన్ని బట్టి జోడీ. ఆమె 1993, కోడిపుంజు. 1987 కుందేలు. ఆ రెండూ ఒక ఇంట్లో ఇమడవట. ఆ సంగతి లిన్‌కు మొదట్నించీ తెలుసు. అందుకే తల్లికి అతని వయసు చెప్పకుండా నెట్టుకొచ్చింది. ఇప్పుడు పాస్‌పోర్టు కాపీ పంపేసరికి దొరికిపోయింది. పెళ్లి చేసుకుంటే కూతురే లేదనుకుంటానందట తల్లి.

అయినా ఆ పిల్ల వెనక్కి తగ్గలేదు. కుందేలు ఏడాది మగాడు మెత్తనివాడనీ, మాట దాటవెయ్యడనీ, పుంజు నోటిదురుసును ఓర్చుకోగలిగేది అతనేననీ రోజూ ఫోన్లో తల్లితో వాదిస్తోందట. "నేను అరిస్తే ఇతను మంచినీళ్లు తెచ్చిస్తాడు," అంది గంగాధర్‌ను చూపించి.

నాకు జాలీ వేసింది, లోపల నవ్వూ వచ్చింది. మన జాతకాల పిచ్చి అక్కడా ఉందన్నమాట అనుకుంటూ కంప్యూటర్లో 1989 కొట్టి చూశాను. పాము. పుంజుకూ పాముకూ దివ్యమైన పొంతన అని రాసి ఉంది. ఇంకేం, ఆగలేకపోయాను.

"నీ కష్టం తీరిపోయింది! ఇతను కుందేలు కాదు, పాము. పాస్‌పోర్టు తేదీ ఉత్తుత్తిదే," అన్నాను ఇంగ్లీషులో, గొప్పగా.

లిన్ సంతోషిస్తుందనుకున్నాను. ఆమె అతని వైపు తిరిగి చాలా నెమ్మదిగా అడిగింది.

"మరి జూలై ఒకటి? మూడేళ్లు ఆ రోజు కేకు తెచ్చాను. నువ్వు నవ్వుతూ కోశావు. ఇన్నాళ్లూ మా అమ్మతో నేను పోట్లాడింది ఎవరి కోసం?"

ఆమె ఫైల్లోంచి తన కాగితాలు మాత్రం తీసుకుంది. "పాము ఏడాదివాళ్లు మనసులో మాట బయటపెట్టరంటారు," అని వెళ్లిపోయింది.

పుట్టినతేదీ కూడా ఒక అబద్ధం అవుతుందని నాకు అంతవరకూ తట్టనే లేదు. ఆమెకు ముందే ఎందుకు చెప్పలేదని గంగాధర్‌ను గట్టిగానే అడిగాను, తప్పు నాలో పెట్టుకుని.

"మా ఇంట్ల ఎన్నడు పుట్టినరోజు జెయ్యలే అక్కా. మొదటిసారి కేకు తెచ్చింది ఆమెనే. ఆమె మొఖం జూసినంక, ఇయ్యాల గాదని ఎట్ల జెప్పాలె?"

ఆ తర్వాత అతనే చెప్పాడు. పాము అని తెలిసి లిన్ తల్లి మర్నాడే ఒప్పుకుందట. లిన్ ఒప్పుకోలేదు. నెల తిరక్కుండా వాళ్ల దేశం వెళ్లిపోయింది.

కౌంటర్ మీదుగా మనిషి చెప్పిన మాట నాది కాదు, అది మంచికి పనికొస్తుందనిపించినా సరే, దాన్ని ఎప్పుడు ఎవరికి చెప్పాలో అతనికే తెలియాలి. ఇది నాకు ఇంత ఆలస్యంగా, ఇంకొకరి బతుకు చెడ్డాక తెలిసింది. ఇప్పుడు తేదీ సరిచూడాలంటే పైకి చదవను, స్క్రీన్ వాళ్ల వైపు తిప్పి చూపిస్తాను.

మా కంప్యూటర్ కస్టమర్లందరికీ పాస్‌పోర్టు తేదీని బట్టి పుట్టినరోజు మెసేజ్ దానంతటదే పంపుతుంది. మరుసటి ఏడాది జూలై ఒకటిన మెసేజ్ వెళ్లినవాళ్ల జాబితాలో గంగాధర్ పేరు కనిపించింది. వెంటనే ఫోన్ చేశాను. పొరపాటైంది, ఆ తేదీ మెసేజ్ ఇకమీదట రాకుండా తీసేస్తానని చెప్పాను.

"తియ్యకక్కా," అన్నాడు. "నాకున్న పుట్టినరోజు గదొక్కటే."