నర్సయ్య గురించి నేను చెప్పని నిజం

ఇన్నేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. ఇంట్లోవాళ్లకు కూడా తెలియదు. మీరు నా పేరు అడగకండి.

పంతొమ్మిది వందల నలభైలలో సిద్దిపేటలో ఒక చిన్న దవాఖానలో కాంపౌండరుగా ఉండేవాణ్ణి. ఒక పొద్దున నర్సయ్య అనే నేతగాడు వచ్చాడు. మూత్రం మంట పుడుతోందనీ, చుక్కలు చుక్కలుగా వస్తోందనీ, మగ్గం గుంటలోంచి మాటిమాటికీ లేవాల్సి వస్తోందనీ తల దించుకుని చెప్పాడు. డాక్టరుకు చూపించాల్సింది. జనం ఎక్కువున్నారు, నాకు విసుగు. వేడి చేసిందిలే, బార్లీ నీళ్లు తాగమని పంపేశాను. మళ్లీ వచ్చినా అదే చెప్పాను.

మూడోసారి ఎడ్లబండిలో తెచ్చారు. ఒళ్లు కాలిపోతోంది. ఒక వృషణం వాచి ఎర్రబడింది, ముట్టుకోనివ్వడం లేదు. మూత్రం దారిలో రాయి అడ్డం పడిందనీ, నిలిచిన మూత్రం చెడి ఆ చీము వృషణం వెనక నాళానికి పాకిందనీ డాక్టరు అన్నాడు.

"ముందుగాల ఎందుకు రాలే?" అని నర్సయ్యను అడిగాడు.

నర్సయ్య నా వైపు చూశాడు. నేను తల తిప్పుకుని మందు సీసాలు సర్దాను.

బయట అతని బావమరిది నన్ను పక్కకు పిలిచాడు. నంగునూరు మనిషి.

"కాంపౌండర్ సాబ్, నిజం చెప్పుండ్రి. గిది తిరుగుబోతుల రోగమేనా?"

కాదంటే చాలు. కానీ కాదంటే మరెట్లా వచ్చిందంటాడు, మొదట ఎవరు చూశారంటాడు.

"నేనెట్ల చెప్తనయ్యా. మగోళ్ల సంగతి నీకు తెల్వదా?" అన్నాను.

ఆ వారమే అక్కను, నర్సయ్య భార్యను, నంగునూరు తీసుకుపోయాడు.

రాయి తీశారు. నెలకు వాపు తగ్గింది. భార్య మాత్రం రాలేదు. ఒక్కసారి నంగునూరు వచ్చి అది అట్లాంటి రోగం కాదని చెప్పమని నర్సయ్య నన్ను బతిమాలాడు. వస్తానన్నాను. పోలేదు. రెండేళ్లకు ఆమెకు వేరే మనువు చేశారు. నర్సయ్య ఒంటరిగానే బతికి, ఒంటరిగానే పోయాడు.

దేనికి భయపడ్డాను? ఉద్యోగం పోతుందనా? డాక్టరు మహా అయితే నలుగురిలో తిట్టేవాడు. ఆ ఒక్క తిట్టు తప్పించుకోవడానికి ఒక మనిషి సంసారం పోనిచ్చానని ఒప్పుకోవడానికి నాకు ఇంతకాలం పట్టింది.

నర్సయ్య ఏ తప్పూ చెయ్యలేదు. రోగాన్ని ముదరనిచ్చింది నేను. అతనికి మచ్చ అంటించింది నేను. క్షమించమని అడగడం లేదు, అడగడానికి అతను లేడు. నోరు విప్పి చెప్పగలిగాను. అంతవరకే.