పువ్వున్న కేకు

ఎనభైల్లో హన్మకొండ చౌరస్తా దగ్గరి బేకరీలో పనిచేసే రాయమల్లు కప్పు కేకులు చేసేటప్పుడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. పుట్టినరోజు ఆర్డరొస్తే నూటయాభై రేకు గిన్నెలకు డాల్డా రాసి, పిండి పోసి, బట్టీలో పెట్టేవాడు. చల్లారాక క్రీము సంచి పిండుతూ ఒక్కోదాని మీద ఒక గులాబీ పువ్వు వేసేవాడు. పువ్వు పువ్వుకూ నాలుక కొస పళ్ల మధ్యకు వచ్చేది. గిన్నెకు అంటుకుని విరిగినవి మాత్రం కాగితంలో చుట్టి ఇంటికి తెచ్చేవాడు. కూతురు సరోజన ఆ ముక్కలు తింటూనే పెరిగింది, పెళ్లయి పరకాల వెళ్లింది. ఇన్నేళ్లలో బిడ్డకు పువ్వున్న కేకు ఒక్కటైనా తేలేదని, ఆమె పుట్టింటికి వచ్చిన రోజు అతనికి తట్టింది. ఆ సాయంత్రం సేటును అడిగి, అన్నిట్లోకీ మంచి పువ్వున్న కేకును అరచేతిలో పెట్టుకుని, రెండో చేత్తో సైకిలు తోసుకుంటూ ఇల్లు చేరాడు.

సరోజన దాన్ని ముట్టుకోలేదు. "ఇది ఎవలిదో ఆర్డర్‌ది గద బాపు? ఇరిగినయి తేలేదా?" అంది.

"నీకే బిడ్డా, తిను."

ఆమె నవ్వి, కేకు చేతిలోకి తీసుకుని, పువ్వు చెదరకుండా అంచున ఇంత ముక్క తుంచి నోట్లో వేసుకుంది. మిగిలింది జాగ్రత్తగా మళ్లీ తండ్రి అరచేతిలోనే పెట్టింది.